చన్నీళ్లలో దిగి చేపలు పట్టేటప్పుడు పాదాలు వెచ్చగా ఉండాలంటే ఏం చేయాలి?

చలికాలంలో ఏట్లో దిగి గాలం వేసేవాళ్లు ఎక్కువసార్లు ఒడ్డెక్కేది కాలివేళ్ల బాధ పడలేకే. ఒంటి మీద మందపాటి కోటు, తలకు టోపీ, చేతులకు గ్లౌజులు అన్నీ ఉంటాయి. అయినా ముప్పావుగంట తిరిగేసరికి బొటనవేలు జివ్వుమంటుంది, ఇంకాసేపటికి వేళ్లు అసలున్నాయో లేవో కూడా తెలియదు. మర్నాడు చాలామంది చేసే పని ఇంకో జత సాక్సులు ఎక్కించడం. దాంతో పాదాలు మరింత చల్లబడతాయి.

సాక్సులు పెంచితే చలి ఎందుకు పెరుగుతుందో అర్థమైతే మిగతాదంతా సులువు. కదలకుండా ఉన్న గాలితో పోలిస్తే నీటికి వేడిని లాగేసే గుణం సుమారు 25 రెట్లు ఎక్కువ. పైగా ఏట్లో నీళ్లు ఊరికే ఉండవు. మీ కాలి వేడికి కాస్త వెచ్చబడ్డ నీళ్లు వెంటనే కొట్టుకుపోయి, కొత్త చన్నీళ్లు వచ్చి తగులుతూ ఉంటాయి. ఇక పాదంలో సొంతంగా వేడి పుట్టించే కండ చాలా తక్కువ. అక్కడికి వెచ్చదనం రావాలంటే పైనుంచి దిగే రక్తమే తేవాలి. ఒళ్లు చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండె, ఊపిరితిత్తులు, మెదడును కాపాడుకోవడానికి కాళ్లు, చేతుల్లోని రక్తనాళాలను బిగించేస్తుంది. ముందు దెబ్బతినేది గుండెకు అన్నిటికన్నా దూరంగా ఉన్న కాలివేళ్లే.

కాబట్టి మీరు చూసుకోవాల్సినవి మూడు: పాదం చుట్టూ కదలని గాలి పొర ఉండాలి, పాదం పొడిగా ఉండాలి, రక్తం అడ్డు లేకుండా రావాలి. ఇరుకు బూటులో ఇంకో సాక్సు దూర్చితే ఉన్ని నలిగి అందులోని గాలి పోతుంది, పాదం బిగుసుకుని రక్తమూ తగ్గుతుంది. మందపాటి ఉన్ని సాక్సు వదులుగా ఉన్నప్పుడే పని చేస్తుంది. ఈ ఒక్కటీ గుర్తుంటే సగం డబ్బు మిగులుతుంది, సగం బాధ తగ్గుతుంది.

ముందు బూటులో చోటు చూసుకోండి

వేడర్లు, అంటే నీళ్లు లోపలికి రాకుండా ఛాతీ దాకా వేసుకునే ప్యాంట్లు, రెండు రకాలు. స్టాకింగ్‌ఫుట్ రకంలో కింద పాదానికి నియోప్రీన్, అంటే స్పాంజిలాంటి మెత్తటి రబ్బరు, సాక్సు అతికించి ఉంటుంది, దాని మీద వేరే బూటు వేసుకోవాలి. బూట్‌ఫుట్ రకంలో రబ్బరు బూటు వేడర్‌తో కలిసే వస్తుంది.

ఒకే చోట గంటలు గంటలు నిలబడి గాలం వేసే అలవాటుంటే, అది కూడా నీళ్లు గడ్డకట్టేంత చలిలో అయితే, నా ఓటు బూట్‌ఫుట్‌కే. లోపల మందపాటి లైనింగ్ ఉంటుంది, పాదాన్ని నలిపే నియోప్రీన్ గానీ బిగించే లేసులు గానీ ఉండవు, వేళ్లు ఆడతాయి. ఒడ్డెక్కాక లేసులు గడ్డకట్టి బిగుసుకుపోయే బాధా లేదు. కాకపోతే బరువు. చీలమండకు పట్టు తక్కువ. రాళ్ల మీద మైళ్లు నడిచేవాళ్లకు, ఎత్తుపల్లాలు ఎక్కి దిగేవాళ్లకు అది నప్పదు, వాళ్లకు స్టాకింగ్‌ఫుట్ మేలు.

స్టాకింగ్‌ఫుట్ తీసుకుంటే రెండు చోట్ల జాగ్రత్తగా చూడాలి. ఒకటి బయటి బూటు. వేడింగ్ బూట్లను, అంటే వేడర్ మీద వేసుకునే బూట్లను, చాలా కంపెనీలు నియోప్రీన్ సాక్సును లెక్కలో పెట్టుకునే తయారు చేస్తాయి. కానీ వాళ్ల లెక్క మామూలు సాక్సుకే, చలికాలపు ఉన్ని సాక్సుకు కాదు. అందుకని చలికాలానికి విడిగా ఒక సైజు పెద్దది తీసుకోవడం మంచిది. రెండోది, ఎవరూ పట్టించుకోనిది, వేడర్‌లోని నియోప్రీన్ సాక్సు సైజు. బయటి బూటు ఎంత పెద్దదైనా లోపలి నియోప్రీన్ ఇరుకైతే ఫలితం సున్నా. అది మీ ఉన్ని సాక్సును అన్ని వైపుల నుంచీ నలిపేస్తుంది. కొనేటప్పుడు వేడర్ పొడవు, నడుము కొలతతో పాటు పాదం సైజు కూడా అడగండి. 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో నియోప్రీన్ దొరుకుతుంది. మందం ఎక్కువైతే వెచ్చదనమూ ఎక్కువే, బూటులో ఆక్రమించే చోటూ ఎక్కువే.

బూట్లు సాయంత్రం పూట చూడండి, రోజంతా నడిచాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. చలికాలంలో వేసుకోబోయే సాక్సులు, వేడర్లు అన్నీ తొడుక్కుని, లేసులు కట్టుకుని, నిలబడి ఐదు వేళ్లనూ పైకీ కిందికీ ఆడించండి. బొటనవేలు ఒక్కటే ఆడితే చాలదు, చిటికెన వేలు కూడా ఆడాలి. ఆడలేదంటే ఆ బూటు చలికాలానికి పనికిరాదు, ఎంత పేరున్న కంపెనీదైనా సరే.

బూటు అడుగు గురించి ఒక మాట. పాచి పట్టిన రాళ్ల మీద ఫెల్ట్ (పోగులను ఒత్తి చేసిన మందపాటి బట్ట) అడుగు బాగా పట్టు ఇస్తుంది గానీ మంచులో నడిస్తే దానికి మంచు అంటుకుని, ముద్ద మీద ముద్ద పేరుకుని, మడమల కింద గడ్డలు కట్టుకుని నడిచినట్టు ఉంటుంది. అదీగాక ఒక ఏటిలోని పాచిని, క్రిములను ఇంకో ఏటికి మోసుకుపోతుందని కొన్ని చోట్ల ఫెల్ట్‌ను నిషేధించారు. న్యూజిలాండ్ 2008లోనే ఆ పని చేసింది. మంచు ఉండే చోట రబ్బరు అడుగు, దానికి మేకుల్లాంటి లోహపు స్టడ్లు ఉన్నవి నయం.

అరికాలి కింద నుంచి పోయే వేడిని కూడా మరచిపోవద్దు. మీ బరువంతా పడేసరికి అరికాలి కింద సాక్సు అణిగిపోతుంది, అక్కడ గాలి పొర దాదాపు ఉండదు. చల్లటి రాయికీ మీకూ మధ్య మిగిలేది బూటు అడుగే. ఒత్తిన ఉన్ని ఫెల్ట్‌తో చేసిన ఇన్సోల్ (బూటు లోపల అరికాలి కింద పరిచే అట్ట) బరువుకు అంతగా అణగదు, ఒకటి బూటులో వేసుకుంటే తేడా తెలుస్తుంది. చోటు ఉంటేనే వేయండి. దానివల్ల బూటు ఇరుకైతే మళ్లీ మొదటికొచ్చినట్టే.

సాక్సులు: రెండు పొరలు చాలు

పాదానికి తగులుతూ ఒక పల్చటి లైనర్ సాక్సు, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్‌ది. దాని పని చెమటను చర్మం మీద ఉండనివ్వకుండా పై పొరకు పంపడం. దాని మీద మందపాటి మెరినో ఉన్ని సాక్సు ఒకటి. అంతే. మూడో పొర వద్దు.

నూలు సాక్సులు అసలే వద్దు. నూలు చెమటను పీల్చుకుని తడిసి పాదానికి అతుక్కుపోతుంది, దారాల మధ్య ఉన్న గాలి పోయి ఆ చోటు నీటితో నిండుతుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో సుమారు మూడో వంతు చెమ్మను పోగులో దాచుకుని కూడా తడిగా అనిపించదు, తడిసినా కొంత వెచ్చదనం మిగుల్చుతుంది. తొంభై శాతం ఉన్ని అని గొప్పగా రాసి ఉన్నదాన్నే వెతకనక్కర్లేదు. కాస్త నైలాన్ కలిస్తే మడమ దగ్గర తొందరగా చిరగదు.

సాక్సు పైఅంచు ఎంత బిగువుగా ఉందో చూడండి. సాయంత్రం విప్పినప్పుడు పిక్క మీద లోతైన గీత పడితే ఆ ఎలాస్టిక్ రోజంతా రక్తాన్ని ఆపినట్టు. సాక్సులోకి దోపుకున్న లోపలి ప్యాంటు అంచు కూడా ఇలాగే పిక్క దగ్గర ముద్ద కడుతుంది. పాదం కిందుగా పట్టీ ఉన్న లోపలి ప్యాంట్లు దొరుకుతాయి, అవి పైకి జరగవు, ముద్ద కట్టవు.

చెమట సంగతి

పాదాలు తడవడానికి వేడర్‌కు చిల్లు పడాల్సిన అవసరం లేదు. నియోప్రీన్ గాలి ఆడనివ్వదు కాబట్టి మీ చెమటే చాలు. వెచ్చటి కారులో గంటసేపు ఉన్ని సాక్సులతో కూర్చుని, దిగి, బరువు మోస్తూ అర కిలోమీటరు చకచకా నడిచి ఏటి దగ్గరికి వెళ్తే, నీళ్లలో కాలు పెట్టకముందే సాక్సులు చెమ్మగిల్లి ఉంటాయి. ఆ తర్వాత ఆ చెమ్మ చల్లబడటం మొదలవుతుంది.

అందుకే ప్రయాణానికి వేరే సాక్సులు వేసుకోండి, మామూలువి ఏవైనా సరే. ఏటి దగ్గర ఆగాక ఈ వరసలో చేయండి:

1. కింద మంచు మీదో చల్లటి నేల మీదో నిలబడకుండా ఒక రబ్బరు మ్యాట్ పరచుకోండి. కారు ఫ్లోర్ మ్యాట్ అయినా సరిపోతుంది. వట్టి సాక్సుతో రెండు నిమిషాలు మంచు మీద నిలబడితే పోయే వేడి మళ్లీ రావడానికి చాలాసేపు పడుతుంది.
2. ప్రయాణపు సాక్సులు విప్పి, వేళ్ల సందులతో సహా పాదాలను తువాలుతో పొడిగా తుడవండి. పాదాలు అప్పటికే చల్లగా ఉంటే వాటిని వెచ్చబెట్టుకున్నాకే ముందుకెళ్లండి. చల్లటి పాదాన్ని ఎంత మంచి సాక్సులో పెట్టినా అది చల్లగానే ఉంటుంది, సాక్సు సొంతంగా వేడి పుట్టించదు.
3. లైనర్, దాని మీద ఉన్ని సాక్సు వేయండి. మడమ దగ్గర, వేళ్ల కొసల దగ్గర వేలితో నిమిరి మడతలు తీసేయండి. చిన్న మడతే కదా అని వదిలేస్తే నియోప్రీన్ దాన్ని రోజంతా పాదంలోకి నొక్కుతుంది.
4. వేడర్‌లోకి పాదాన్ని దూర్చాక నియోప్రీన్‌ను వేళ్ల దగ్గర పట్టి ముందుకు కొద్దిగా లాగండి. వేళ్ల ముందు కాస్త ఖాళీ ఏర్పడుతుంది.
5. బూటు వేసి లేసులు కట్టేటప్పుడు పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా ఉండాలి. దీనికో చిట్కా ఉంది: పాదం మలుపు దగ్గరికి వచ్చాక లేసులను ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు మెలిపెట్టి లాగండి. ఆ మెలిక కింది వదులును వదులుగానే, పై బిగువును బిగువుగానే పట్టి ఉంచుతుంది.
6. మళ్లీ ఐదు వేళ్లూ ఆడించి చూడండి.

నడక ఎక్కువ దూరమైతే కోటు విప్పి సంచిలో పెట్టుకుని, కాస్త చలిగా అనిపిస్తూనే నెమ్మదిగా నడవండి. ఏటి ఒడ్డున ఆగాక కోటు వేసుకోవచ్చు.

పాదాలకు విపరీతంగా చెమట పట్టేవాళ్లకు ఇంకో దారి ఉంది. లైనర్ సాక్సుకూ ఉన్ని సాక్సుకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ కవరు తొడగడం. చెమట కవరు లోపలే ఆగిపోతుంది, లైనర్ తడుస్తుంది గానీ వెచ్చదనాన్నిచ్చే ఉన్ని పొడిగా ఉంటుంది. కొండలెక్కేవాళ్లు, ధ్రువ ప్రాంతాల్లో తిరిగేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. పాదం జారుతున్నట్టు, చిత్తడిగా ఉంటుంది, అందరికీ నచ్చదు. నడక ఎక్కువున్న రోజు బొబ్బలు కూడా రావచ్చు. రాత్రి కాగానే విప్పి పాదాలు బాగా ఆరనివ్వాలి.

పాదాలు వెచ్చగా ఉండాలంటే తొడలు వెచ్చగా ఉండాలి

మంచునీళ్లలో వేలు పెడితే కొన్ని నిమిషాల తర్వాత బిగుసుకున్న రక్తనాళాలు కాసేపు తెరుచుకుని, వేలు వెచ్చబడి, మళ్లీ బిగుసుకుంటాయి. ఈ సంగతిని బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో వివరించాడు. శరీరం తన వేళ్లను తానే కాపాడుకునే పద్ధతి అది. అయితే ఒళ్లంతా చల్లబడి ఉంటే ఈ తెరుచుకోవడం బాగా తగ్గిపోతుంది. అంటే మొండెం వెచ్చగా ఉంటేనే పాదాలకు రక్తం పంపడానికి శరీరం ఒప్పుకుంటుంది.

కాబట్టి వేడర్ కింద మోకాళ్లు, తొడలు, నడుము బాగా కప్పుకోండి. పాదాలకు దిగే రక్తం ఆ దారినే కదా వచ్చేది. ఒంటికి అంటి ఉన్ని లోపలి ప్యాంటు, దాని మీద ఫ్లీస్ ప్యాంటు ఉంటే చాలావరకు సరిపోతుంది. పక్షి ఈకలు నింపిన మెత్తటి ప్యాంట్లు ఒడ్డు మీద బ్రహ్మాండంగా ఉంటాయి గానీ నీళ్లలో కాదు. నీటి ఒత్తిడి వేడర్‌ను కాలికి అదిమిపెట్టి ఆ ఈకలను అణిచేస్తుంది. లోతుకు దిగేకొద్దీ ఈ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఫ్లీస్, ఉన్ని లాంటి దట్టమైనవే మేలు. జీన్స్ వేసుకుని దాని మీద వేడర్ తొడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. నూలు సాక్సుకు చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

తలకు టోపీ, మెడకు మఫ్లర్ ఉండాలి. కడుపు ఖాళీగా ఉండకూడదు, వేడి పుట్టాలంటే ఇంధనం కావాలి. ఫ్లాస్కులో వేడిగా, తియ్యగా తాగడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ఇంకో మాట: వేడర్లు విప్పడం పెద్ద పని అని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. దాహంతో ఉన్న ఒంటికి చలి ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందు జిప్ ఉన్న వేడర్లు చలికాలంలో ఎంత సుఖమో వాడినవాళ్లకే తెలుసు.

సిగరెట్ రక్తనాళాలను బిగిస్తుంది, కాలివేళ్లకు నేరుగా నష్టం. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది, నిజమే. లోపలి వేడి చర్మం మీదికి వచ్చి బయటికి పోతోందని దాని అర్థం. అదీగాక ఏట్లో అడుగు తడబడే పరిస్థితి ఎవరికి కావాలి?

వేడి ప్యాకెట్లు, కరెంటు సాక్సులు

గాలి తగలగానే వేడెక్కే చిన్న ప్యాకెట్లలో ఇనుప పొడి, బొగ్గు, ఉప్పు, కాస్త తేమ ఉంటాయి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడే ఆ వేడి. తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి. మూసుకుపోయిన నియోప్రీన్‌లో అదే కరువు. అందుకే ఒడ్డు మీద చేతిలో కాలిపోతున్నట్టున్న ప్యాకెట్ బూటులోకి వెళ్లాక చల్లారిపోతుంది. అది పాడైపోలేదు, దానికి ఊపిరి ఆడటం లేదంతే.

చేతులకు వాడేవి కాకుండా కాలివేళ్ల కోసమని రాసినవే కొనండి, అవి తక్కువ గాలిలో పనిచేసేలా చేసినవి. వేసుకునే ముందు పావుగంట గాలికి ఉంచి బాగా వేడెక్కనివ్వండి. వేళ్ల కింద కాకుండా వేళ్ల పైన, లైనర్ సాక్సు మీద అతికించండి. కింద పెడితే బరువుకు నలిగి గట్టిపడుతుంది, నడుస్తుంటే గులకరాయిలా గుచ్చుకుంటుంది. చర్మానికి నేరుగా ఎప్పుడూ తగలనివ్వకండి. మొద్దుబారిన పాదానికి కాలుతున్నదీ తెలియదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వీటి జోలికే వెళ్లకపోవడం మంచిది.

ప్యాకెట్‌ను పాదంలో కాకుండా పిక్క పైభాగంలో, లోపలి ప్యాంటు మీద జేబులో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ గాలి కాస్త ఎక్కువ ఆడుతుంది, బూటులో చోటు పోదు. నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది.

బ్యాటరీతో వేడెక్కే సాక్సులు బాగా పనిచేస్తాయి. బ్యాటరీ పిక్క దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పడకుండా చూసుకోండి. చలిలో లిథియం బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మొదటినుంచీ తక్కువ వేడిలో పెట్టి ఉంచడం మేలు, పాదం చల్లబడ్డాక ఎక్కువలో పెట్టి లాభం తక్కువ, చెమట ఎక్కువ. నీళ్లు కారే వేడర్‌లో మాత్రం వాడొద్దు. ఇవి ఎంత బాగున్నా ఇరుకు బూటుకు మందు కావు. ముందు చోటు సరిచేసుకుని, తర్వాత వీటికి డబ్బు పెట్టండి.

నీళ్లలో దిగాక

పొద్దున్నే చీకటితో లేచి పరుగెత్తడం చలికాలంలో అనవసరం. చేపలది చల్లటి రక్తం, నీళ్లు చల్లబడితే అవీ మందగించి లోతైన, నెమ్మదిగా పారే మడుగుల్లో ముడుచుకుంటాయి. ట్రౌట్ లాంటి చన్నీటి చేపలు కాస్త కదిలేది నీళ్లకు కొద్దిగా ఎండ తగిలాకే. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు వేసే గాలం చాలు. మీ పాదాలకూ అదే మంచి వేళ.

ఎక్కడ దిగుతున్నారన్నదీ ముఖ్యమే. భూమిలోంచి ఊట ఊరే వాగుల్లో నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, చలికాలంలో మిగతా ఏర్ల కన్నా అవి నయం. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అందుకని పైన మంచు కట్టిన లోతైన జలాశయంలో అడుగునీళ్లు దాదాపు 4 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆనకట్ట అడుగు నుంచి నీళ్లు వదిలే చోట కింది ఏరు గడ్డకట్టకుండా ఉండేది ఇందుకే. సున్నాకూ నాలుగుకూ తేడా ఎంతలే అనిపిస్తుంది గానీ వేళ్లకు బాగా తెలుస్తుంది. ఇలాంటి చోట నీళ్లు ఒక్కసారిగా పెరగవచ్చు, ఎప్పుడు వదులుతారో ముందే కనుక్కోండి.

పిక్కల లోతులో పని జరిగేచోట తొడల లోతుకు దిగకండి. ఒడ్డు మీద నుంచే గాలం అందుతుంటే అసలు దిగకండి. గాలం వేయడమంటే నీళ్లలో నిలబడటమే అన్నట్టు కొందరు దిగిపోతారు, ఆ తొక్కిడికి ఒడ్డు దగ్గరున్న చేపలు కూడా బెదిరిపోతాయి.

నిలబడినప్పుడు బూటులో వేళ్లను ముడిచి విప్పుతూ ఉండండి. మడమలు ఎత్తి దించండి, రాయి మీద కాలు స్థిరంగా ఉన్నప్పుడే. పిక్క కండ బిగిసి వదిలినప్పుడల్లా పాదంలోని చల్లటి రక్తం పైకి వెళ్లి కొత్త రక్తానికి దారి వస్తుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంటకోసారి ఒడ్డెక్కండి. వేళ్లు నొప్పి పుట్టేదాకా ఆగొద్దు. నొప్పి మొదలయ్యాక మళ్లీ వెచ్చబడటానికి చాలాసేపు పడుతుంది.

ఒడ్డెక్కి కూర్చోవడం మాత్రం విశ్రాంతి కాదు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నా మంచి నీటి ఏట్లో సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతాయి, గాలి అలా కాదు, మైనస్ పదికి కూడా పోతుంది. తడి బూటుకు ఆ గాలి తగిలితే నీళ్లలోకన్నా ఒడ్డు మీదే ఎక్కువ చల్లబడతారు. ఒడ్డెక్కాక ఐదు పది నిమిషాలు వడివడిగా నడవండి, వీలైతే కాస్త ఎత్తు ఎక్కండి. పిక్కల్లో వేడి పుట్టి వేళ్ల దాకా దిగుతుంది. లేసులు గడ్డకట్టి రాకపోతే కత్తికి పని చెప్పకండి. బూటును ఏటినీళ్లలో ఒక నిమిషం ముంచండి, మంచు కరుగుతుంది. ఫ్లాస్కులోని గోరువెచ్చటి నీళ్లు పోసినా సరే.

నడుముకు బెల్టు పెట్టుకోకుండా వేడర్లతో నీళ్లలోకి దిగొద్దు. జారి పడితే లోపలికి చేరే నీళ్లను అదే తగ్గిస్తుంది. చన్నీళ్లలో పడగానే మొదటి నిమిషంలో ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది. కంగారుపడకుండా తల నీటిపైన ఉంచుకుని ఊపిరి అదుపులోకి వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే బయటికి వచ్చే ప్రయత్నం. ఒడ్డు వెంట పలకలా కట్టిన మంచు మీద కాలు వేయకండి, దాని కింద నీళ్లు తొలిచేసి ఉంటాయి. చేతికర్ర ఒకటి, కారులో పూర్తి జత పొడి బట్టలు, పక్కన ఒక మనిషి ఉండాలి.

ఎప్పుడు ఆపేయాలి

నొప్పి పుడుతున్నంతసేపు పర్వాలేదు, ఒడ్డెక్కి నడిస్తే తగ్గుతుంది. నొప్పి ఉన్నట్టుండి పోయి పాదం చెక్కలా అనిపిస్తే మాత్రం, అలవాటైపోయిందని సంతోషించకండి. స్పర్శ పోయిందన్నమాట. ఆ రోజుకు గాలం చుట్టేయండి.

బూటు విప్పాక వేళ్లు పాలిపోయి, మైనంలా, గట్టిగా ఉంటే మంచు కాటు కావచ్చు. రుద్దకండి. మంచుతో రుద్దాలని పాతకాలంలో చెప్పేవారు, అది పూర్తిగా తప్పు. నిప్పు దగ్గర, హీటర్ దగ్గర పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలిపోతుంది. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేదని తెలిస్తేనే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంకా మంచులో నడవాల్సి ఉంటే కరిగించకుండా ఉండటమే మేలు.

గడ్డకట్టకపోయినా గంటల తరబడి చల్లటి తడిలో ఉన్న పాదాలు వేరేలా దెబ్బతింటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో నీళ్లు నిండిన కందకాల్లో రోజుల తరబడి నిలబడ్డ సైనికులకు వచ్చింది ఇదే. ట్రెంచ్ ఫుట్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. ముందు తెల్లబడి మొద్దుబారుతుంది, వెచ్చబడ్డాక ఎర్రగా ఉబ్బి మంటపెడుతుంది. దీనికి వేడినీళ్లు పోయకూడదు. పొడిగా తుడిచి, పాదాలను ఎత్తులో పెట్టి, మామూలు గదిలో నెమ్మదిగా వెచ్చబడనివ్వాలి. మంట, తిమ్మిరి తగ్గకపోతే చూపించుకోవాలి. షుగర్, రేనాడ్స్ (చలికి వేళ్లలో రక్తనాళాలు అతిగా బిగుసుకునే జబ్బు), కాళ్లలో రక్తప్రసరణ సమస్య ఉన్నవాళ్లు చలికాలపు వేటకు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఇంటికొచ్చాక

సాక్సులను వెంటనే సంచిలో పడేయకండి, విప్పగానే తడిమి చూడండి. అంతటా సమంగా చెమ్మగా ఉంటే అది చెమట. ఒకే చోట, వేలి కొస దగ్గరో మడమ దగ్గరో తడిసి ముద్దగా ఉంటే చిల్లు ఉన్నట్టే. ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

గాలి ఆడే గుడ్డతో చేసిన వేడర్ అయితే లోపలి వైపు బయటికి తిప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పిచికారీ చేయండి, చిల్లున్న చోట నల్లటి మచ్చ కనిపిస్తుంది. నియోప్రీన్ పాదానికైతే వేడర్ పైఅంచును చుట్టుకుంటూ వచ్చి గాలిని పాదంలోకి తోసి పట్టుకుని, అతుకుల మీద సబ్బునీళ్లు రాయండి. బుడగలు వచ్చే చోటే లోపం. పూర్తిగా ఆరాక వేడర్లకు పనికొచ్చే జిగురు పూసి, జిగురు ట్యూబు మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి. తొందరపడి మర్నాడు పొద్దున్నే వేసుకెళ్తే అతుకు ఊడి వస్తుంది.

వేడర్లను పాదాల దాకా లోపలి వైపు బయటికి తిప్పి వేలాడదీయండి, చెమట ఎక్కువ నిలిచేది అక్కడే. బూట్లలోంచి ఇన్సోల్ తీసి విడిగా ఆరబెట్టండి, బూటులో పాత కాగితాలు కుక్కి కొన్ని గంటలకోసారి మార్చండి. హీటర్‌కు ఆనించి పెడితే అడుగు ఊడుతుంది. రాత్రి బూట్లను కారు డిక్కీలో వదిలేయకండి. పొద్దుటికి అవి రాయిలా గడ్డకట్టి ఉంటాయి, వాటిలో కాలు పెట్టాక పైన చెప్పిన ఏ జాగ్రత్తా మీకు అక్కరకు రాదు.